కాకుల బిలం నీళ్ళు

జూన్ 11, మంగళవారం

కొండ పైకి వచ్చి మూడో రోజు. ఈ పుస్తకం మా చెల్లెలు రొమానా నా మూటలో పెట్టింది. "వేసవంతా ఆవులతో మాట్లాడి మాట్లాడి పిచ్చిదానివైపోతావక్కా, దీనితో మాట్లాడు" అంది. ఆవులు ఎదురు చెప్పవు, అదే వాటి గొప్పతనం. ఇదీ చెప్పదనే అనుకుంటున్నాను.

పద్నాలుగు ఆవులూ క్షేమం. గుంటల్లో మంచు ఇంకా ఉంది, దాన్నే కరిగించి తాగుతున్నాను. ఇంత వాన కురిసే కొండల మీద తాగడానికి చుక్క నిలవదు. పడ్డది పడ్డట్టు ఈ సున్నపురాయి మింగేస్తుంది. చచ్చిన కొండలని ఊరికే పేరు పెట్టలేదు. కింద మా ఊరు లాసెన్‌లో చర్చి ముందు తొట్టెలోకి మాత్రం రాత్రీ పగలూ ధార కడుతూనే ఉంటుంది. పైన ఎండిన గొంతు, కింద నిండిన కడుపు.

బయల్దేరే రోజు రొమానా కూతురు అఫ్రా నాలుగడుగులు వేసింది. నా బూటు తాడు పట్టుకుని వదలనంది. జ్ఞానస్నానం రోజున దాన్ని ఎత్తుకున్నది నేను. కనకపోయినా నాకూ అది కూతురే.

జూన్ 16, ఆదివారం

లెయొన్‌హార్డ్ వచ్చాడు. రొమానా మొగుడు, నాకు మరిది, ఈ ఆవుల యజమాని. ప్రతి ఆదివారం వచ్చి వెన్న, చీజ్ వీపుకి కట్టుకుని దిగిపోతాడు. ఈసారి రంగు కాగితాలు తెచ్చాడు, ఎర్రవి, పసుపువి, కట్టలు కట్టలు.

"అప్పుడే పువ్వులా? దిగేది సెప్టెంబరులో కదా" అన్నాను.

"ఇరవై రెండేళ్ళుగా మా ఇంటి ఆవులు పువ్వులు లేకుండా దిగలేదు వదినా. ఈసారి ఊరేగింపులో ముందు మన మందే. కాబట్టి నీ పనితనం చూపించు."

"నా పనితనం సంగతి సరే. మీ ఆవులు కాళ్ళు జాగ్రత్తగా వేస్తే చాలు."

ఒక్క ఆవు చచ్చినా మంద మొత్తం బోడి తలలతో దిగాలి. గంటలు కూడా కట్టకూడదు. వీధి గుమ్మాల్లో నిలబడ్డ ప్రతివాడూ చూస్తాడు. ఇది నా పదకొండో వేసవి, నాకు ఆ గతి ఎప్పుడూ పట్టలేదు.

జూన్ 27, గురువారం

షెక్కి.

జూన్ 28

రాయాలి. రాస్తే తేలికవుతుందంటారు.

నిన్న పొద్దున పొగమంచు. పక్కనున్న ఆవు తోక కూడా కనపడలేదు. అలాంటప్పుడు మందని కట్టేయాలి, పసిపిల్లనడిగినా చెబుతుంది. నేను విప్పాను. విప్పి, గుమ్మంలో కూచుని కాగితం గులాబీలు చుట్టాను. మా షెక్కి ఆవు అరుపు వినపడింది. మొదటిసారి వినపడనట్టే ఊరుకున్నాను.

ఈ రాళ్ళని వాన గీకి గీకి కత్తులు చేసి పెట్టింది. రెండు కత్తుల మధ్య సందులో షెక్కి ముందు కాలు మోకాలి దాకా దిగిపోయి విరిగింది. ఎముక బయటికి కనపడుతోంది. అంచున గుర్తుల కర్రకి తెల్ల దుప్పటి కట్టాను. మంచు విడిపోయాక లాసెన్ నుంచి చూసి లెయొన్‌హార్డ్ సాయంత్రానికి వచ్చాడు. గొడ్డలి వెంట తెచ్చాడు. అది నేను చూడలేదు, షెక్కి తల పట్టుకుని కళ్ళు మూసుకున్నాను.

తర్వాత ఏం చేయాలన్నది అసలు సంగతి. పాతిపెడదామంటే ఇక్కడ పిడికెడు మట్టి లేదు. ఎక్కడ పార వేసినా ఠంగుమంటుంది. కిందికి లాక్కెళితే ఊరంతా చూస్తుంది.

"కాకుల బిలం" అన్నాడు.

నలభై అడుగుల దూరం. నల్ల కాకులు గూళ్ళు కట్టుకున్న నోరు, రాయి వేస్తే చప్పుడు రావడానికి నాలుగు లెక్కపెట్టొచ్చు. వాన పడ్డప్పుడు చుట్టుపక్కల నీళ్ళన్నీ అందులోకే జారిపోతాయి.

"నీళ్ళలో పడుతుంది కదయ్యా" అన్నాను.

"ఎవరి నీళ్ళలో? ఇక్కడ దిగింది ఏదైనా అవతలి లోయకే పోతుంది. మా తాత పొగాకు డబ్బా జారి బిలంలో పడితే, మరుసటేడు అవతలి వాళ్ళ ఊటలో తేలింది. మా నాన్న రెండు దూడల్ని పంపాడు. ఎప్పుడైనా కృతజ్ఞతలు చెప్పారా వాళ్ళు?"

నాకు నవ్వొచ్చింది. ఏడుస్తూనే నవ్వాను. మా ఊళ్ళో అందరూ అనేదే అది. అవతలి వాళ్ళ చీజ్‌కి అంత రుచి ఎలా వచ్చిందనుకున్నావు, మన చచ్చినవన్నీ తాగి.

గంట కట్టిన ఆవునీ, ఇంకోదాన్నీ కట్టి లాగించాం. అవి వెనక్కి తిరిగి చూడలేదు. కాకులన్నీ ఒక్కసారి లేచాయి. నేను లెక్కపెట్టాను, నాలుగు అనేలోపే చప్పుడయింది.

"అమ్మేశానని చెబుతాను. కసాయి పై దారిన వచ్చి తోలుకెళ్ళాడని. రొమానాకి కూడా అదే మాట. విన్నావా వదినా?"

విన్నాను.

జూలై 7

పదమూడు. అన్నీ క్షేమం. నాలుగు రోజులుగా వాన. నలభై గులాబీలయ్యాయి.

జూలై 14, ఆదివారం

లాసెన్‌లో పిల్లలకి కడుపులు పాడయ్యాయట. పది ఇళ్ళలో. అఫ్రాకి కూడా.

"చెర్రీలు తిని మీద నీళ్ళు తాగుంటారు" అన్నాను.

"రొమానా కూడా అదే అంది" అన్నాడు లెయొన్‌హార్డ్.

ఏటా ఉండేదే. మేం చిన్నప్పుడు ఈ రోజుల్లోనే ఎన్నిసార్లు పరిగెత్తలేదు!

జూలై 15

పది ఇళ్ళంటే చాలా ఎక్కువ చెర్రీలు.

జూలై 21, ఆదివారం

అఫ్రాకి నీళ్ళు కాచి ఇవ్వమని రొమానాకి చీటీ రాశాను. ఎందుకో రాయలేదు. పళ్ళు వచ్చే వయసు, కాచినవైతే మంచిదని రాశాను. లెయొన్‌హార్డ్ చీటీ చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇద్దరం కాసేపు ఆవుల గురించి మాట్లాడుకున్నాం, కాకుల బిలం వైపు చూడకుండా.

జూలై 28, ఆదివారం

నా చీటీకి రొమానా జవాబు: "అక్కా, ఆ తొట్టె నీళ్ళ కోసం పట్నం నుంచి సీసాలు పట్టుకుని వస్తారు. నువ్వేమో కాచమంటావు. పైన ఎండ ఎక్కువైందా?" కానీ డాక్టరు కూడా కాచమనే అన్నాడట, అందుకని కాస్తున్నారు. పిల్లలందరికీ నయమవుతోంది. అఫ్రా మళ్ళీ నడుస్తోంది. కిందపడితే ఏడవకుండా నేలని కొడుతుందట.

ఈ రాత్రి హాయిగా నిద్రపడుతుంది.

జూలై 30, మంగళవారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాయాలి.

ఒక ఇంజనీరు వచ్చాడు. హాడ్విగర్ అని, సన్నగా, ముక్కు ఎండకి ఒలిచిపోయి ఉన్నాడు. వీపున పటాలు, ఒక రేకు డబ్బా. లాసెన్ నీళ్ళలో మురికి ఎక్కడ నుంచి వస్తోందో చూడమని పంపారట. మజ్జిగ పోశాను. మూడు గిన్నెలు తాగాడు.

"ఈ కొండ లోపల ఏముందో ఎవరికీ తెలియదమ్మా" అన్నాడు, బల్ల మీద పటం పరిచి. "పైన శిఖరం చూసి నీళ్ళు ఇటు పోతాయి, అటు పోతాయి అంటాం. లోపల వాటి దారి వాటిది. అందుకే రంగు కలిపి చూడటం."

డబ్బా మూత తీశాడు. ఇటుక పొడిలా ఎర్రగా ఉంది. చిటికెడు నా గిన్నెలో వేస్తే నీళ్ళు పచ్చగా మెరిశాయి, ఆకుపచ్చా పసుపూ కాని పచ్చ. కింద రెండు లోయల్లోనూ ప్రతి ఊట దగ్గరా మనుషుల్ని పెట్టాడట.

"ఇక్కడ నీళ్ళు ఎక్కువగా దిగే బిలం ఏది? మీకే తెలియాలి."

కిటికీలోంచి కాకులు కనపడుతున్నాయి. నేను పొదల బిలం వైపు చూపించాను. మరుగుజ్జు పైన్ పొదల వెనక, కాకుల బిలానికి రెండు వందల అడుగుల అవతల.

"అది" అన్నాను.

అబద్ధమేమీ కాదు. దానిలోకి కూడా నీళ్ళు దిగుతాయి.

"ఈ వేసవిలో పశువులేమైనా చచ్చాయా?"

"లేదు."

"ఎన్ని ఉన్నాయి?"

"పదమూడు."

రాసుకున్నాడు. ఎంత మర్యాదస్థుడంటే, నా మాట మీదే రాసుకున్నాడు. పొడి పోసి, నేను మోసిన బిందెడు బిందెడు వాన నీళ్ళు దాని మీద కుమ్మరించాడు. నేనే మోశాను. మిగిలిన పొడి డబ్బాతో సహా నాకిచ్చి, "వచ్చే ఏడు మళ్ళీ వస్తాను, తడి తగలకుండా దాచండి" అన్నాడు.

కాకుల బిలం చూపిస్తే దాని లోపలికి దీపం వేసి చూసేవాడు. చూస్తే కనపడేది. అంతే.

ఆగస్టు 6, మంగళవారం

లెయొన్‌హార్డ్ ఆదివారం దాకా ఆగలేక ఇవాళే వచ్చాడు, సారా సీసాతో సహా.

"తాత అబద్ధమాడలేదు వదినా! శనివారం అవతలి లోయ ఊట పచ్చగా పొంగిందట! వాళ్ళ పాదిరీ ఇదేదో అద్భుతమని మోకాళ్ళ మీద కూలబడ్డాడట!"

మన తొట్టెలో చుక్క రంగు లేదు. పైనుంచి ఏమీ రావట్లేదని తేలిపోయింది. నీళ్ళు కాచనక్కరలేదని ఊరిపెద్ద చర్చి దగ్గర చదివి వినిపించాడు.

నేనూ రెండు గుక్కలు తాగాను. రెండు బిలాలూ పక్కపక్కనే. పక్కపక్క నోళ్ళకి కడుపు ఒకటే ఉంటుంది. ఇంజనీరు కూడా అదే అనేవాడు, అడిగుంటే.

నేను చూపించింది ఏ బిలమో లెయొన్‌హార్డ్‌కి చెప్పలేదు. అతను అడగలేదు.

ఆగస్టు 11, ఆదివారం

"మీ తాత పొగాకు డబ్బా ఏ బిలంలో పడింది?" అని అడిగాను.

"బిలంలో. ఏదైతేనేం?"

"ఊరికే."

ఆగస్టు 12

ఉరుములు. ఇంత వాన ఈ ఏడు పడలేదు. కాకుల బిలంలోకి నీళ్ళు రొద పెడుతూ దిగుతున్నాయి.

ఆగస్టు 13

వాన.

ఆగస్టు 14, బుధవారం

రేపటి మరియమ్మ పండక్కి వెన్న కావాలని లెయొన్‌హార్డ్ వచ్చాడు. గడ్డం గీసుకోలేదు. అఫ్రాకి మళ్ళీ మొదలైందట. పాలు నిలవట్లేదు.

"ఏం పట్టిస్తున్నారు?"

"రొమానా దగ్గరే కూచుని చెంచాతో నీళ్ళు పోస్తోంది. తొట్టె నీళ్ళే, చల్లగా. అవొక్కటే తాగుతోంది."

"కాచి ఇవ్వమను."

"ఇంజనీరే చెప్పాడు కదా వదినా, నీళ్ళలో ఏం లేదని."

నోరు తెరిచాను. అతను నా వైపే చూస్తున్నాడు, నిద్ర లేక ఎర్రబడ్డ కళ్ళతో.

"ఏంటి వదినా?"

"ఏం లేదు. వెన్నకి ఎండ తగలనీయకు."

వెళ్ళిపోయాడు. మలుపు దాకా కనపడ్డాడు. పిలవొచ్చు. మలుపు తిరిగాక కూడా కాసేపటిదాకా గొంతు అందుతుంది.

ఆగస్టు 15

మరియమ్మ పండగ. కింద చర్చిలో మూలికల కట్టలు దీవిస్తుంటారు. నేను పాలు పితికాను, వెన్న చిలికాను. దిగి వెళ్ళి చెప్పొచ్చు. కానీ పదమూడు ఆవుల పొదుగులు ఎవరు చూస్తారు? వెళ్ళి ఏమని చెప్పాలి? అసలు నీళ్ళు అటే పోతుంటే, అనవసరంగా లెయొన్‌హార్డ్ పరువూ, నా పరువూ. తెలియకుండా ఎలా చెప్పను?

తెలియాలి ముందు.

ఆగస్టు 16, శుక్రవారం

డబ్బాలో మిగిలిందంతా కాకుల బిలంలో పోశాను. వాన తొట్టె ఖాళీ అయ్యేదాకా బిందెలు కుమ్మరించాను, ముప్ఫై ఒకటో ముప్ఫై రెండో. కాకులు నా తల మీదే తిరిగాయి.

అవతలికి పోతే సంతోషం, ఎవరికీ ఏమీ తెలియనక్కరలేదు. ఇటు వస్తే తొట్టె పచ్చబడుతుంది. చూసి అందరూ నీళ్ళు మానేస్తారు. నీళ్ళే చెబుతాయి. నేను చెప్పనక్కరలేదు.

బాగా ఆలోచించాననే అనుకుంటున్నాను. చేతులు మాత్రం మణికట్టు దాకా పచ్చగా అయ్యాయి. బూడిదతో తోమితే చర్మం వదిలింది, గోళ్ళు వదల్లేదు.

ఆగస్టు 17

అంచుకి వెళ్ళి చూశాను. తొట్టె గవ్వంత ఉంది ఇక్కడ నుంచి. రంగు తెలియదు. ఆడవాళ్ళు మామూలుగా వచ్చి నీళ్ళు పట్టుకుని వెళ్ళారు.

ఆగస్టు 18, ఆదివారం

లెయొన్‌హార్డ్ రాలేదు. నాలుగుసార్లు అంచుకి వెళ్ళాను. నీళ్ళు పట్టుకుని వెళ్తూనే ఉన్నారు.

నీళ్ళల్లారా, త్వరగా నడవండే. ఎక్కడ కూచున్నారు లోపల?

ఆగస్టు 19, సోమవారం

మధ్యాహ్నం కింద చర్చిలో చిన్న గంట మోగింది. ఎవరైనా పోతే కొట్టేది. ముసలి బెనెడిక్ట్ అయ్యుంటాడు, ఈస్టరు నుంచీ దగ్గుతూనే ఉన్నాడు. మంచివాడు పాపం. అతని కోసం ఒక జపం చెప్పుకున్నాను.

సాయంత్రం

బెనెడిక్ట్ మనవరాలు నా బదులు పాలు పితకడానికి వచ్చింది. తాత బాగానే ఉన్నాడంది.

ఆగస్టు 21, బుధవారం

పెట్టె ఎంత చిన్నదంటే లెయొన్‌హార్డ్ ఒక్కడే చంకలో పట్టుకున్నాడు.

రొమానా ఏడవలేదు. నా చేతులు పట్టుకుని చాలాసేపు కూచుంది. నేను చేతి తొడుగులు తేవాల్సింది. గోళ్ళ వంక చూసింది. "చివరిదాకా నీళ్ళు అడిగింది అక్కా" అంది. "అడిగినన్నిసార్లూ పోశాను. అదొక్కటే తృప్తి."

అప్పుడైనా చెప్పాలి. ఆ తృప్తిని ఎలా లాక్కోను?

పాలవేళకి పైకి వచ్చేశాను.

ఆగస్టు 25, ఆదివారం

తొట్టె గురువారం పొద్దున పచ్చబడిందట. అఫ్రాని పూడ్చిన మర్నాడు.

ముందు పిల్లలు నవ్వారట, తర్వాత ఎవరూ నవ్వలేదట. ఇంజనీరు పరిగెత్తుకొచ్చాడట. తను రంగు పోసిన బిలం నుంచి ఇంకో పాయ ఇటు వస్తోంది, ఆలస్యంగా చేరిందని అన్నాడట. నీళ్ళు మూసేశారు. అడవిలోంచి కొత్త గొట్టం వేస్తారట.

లెయొన్‌హార్డ్ ఇదంతా నిలబడే చెప్పాడు. చెప్పడం అయ్యాక కాకుల బిలం వైపు తిరిగాడు, చాలా రోజులకి మొదటిసారి. గడ్డి మీద కూచున్నాడు.

"వదినా, నువ్వు ఆయనకి ఏ బిలం చూపించావు?"

నేను మందని పిలిచాను. ఆవులు వచ్చి అతని చొక్కా నాకాయి, ఉప్పు కోసం.

సెప్టెంబరు 8

నీళ్ళు రంగు చెప్పాయి. పేరు చెప్పలేదు. షెక్కి పేరూ చెప్పలేదు, నా పేరూ చెప్పలేదు. చెప్పే భారం వాటి మీద పెట్టాను నేను.

సెప్టెంబరు 20

రేపు దిగడం. గులాబీలు నాలుగు వందల పన్నెండు. అన్నీ పొయ్యిలో వేశాను. బిలంలో మాత్రం ఇంకేమీ వేయను.

ఇంట్లో చావు జరిగినా పువ్వులు కట్టరు. లెయొన్‌హార్డ్ ఆ మాటే అన్నాడు, నేల చూపులు చూస్తూ. "పాప కోసమే అనుకుంటారు వదినా. ఎవరూ ఏమీ అడగరు."

మా పాప చావు మాకు పనికొచ్చింది.

సెప్టెంబరు 21, శనివారం. లాసెన్, పాకలో

గంటలు లేకుండా దిగాం. గిట్టల చప్పుడు తప్ప ఏమీ లేదు. గుమ్మాల్లో మగవాళ్ళు టోపీలు తీశారు, ఆడవాళ్ళు శిలువ గుర్తు వేసుకున్నారు. అందరి కళ్ళలో జాలి. ఒక్కొక్కరి జాలి దాటుకుంటూ నడిచాను.

రొమానా ఎండిన తొట్టె పక్కన నిలబడి ఉంది. చిన్నప్పటి నుంచీ మంద దిగే రోజు లెక్కపెట్టేది అదే. వేలు చూపిస్తూ పైకే లెక్కపెట్టింది, మామూలు ఏడాదిలాగే.

"పదమూడు" అంది. "షెక్కి ఏది?"

"చెప్పాను కదా, కసాయికి అమ్మే..." అన్నాడు లెయొన్‌హార్డ్.

"నిన్ను కాదు అడిగింది."

నా దగ్గరికి వచ్చింది. చెయ్యి పట్టుకుని పైకెత్తింది. గోళ్ళు పెరిగాయి, కొసల్లో మాత్రం ఇంకా సన్నగా పచ్చగీత ఉంది.

"పాపని పెట్టెలో పెట్టిన రోజు నీ గోళ్ళు పచ్చగా ఉన్నాయక్కా. తొట్టె పచ్చబడింది మర్నాడు. అప్పట్నుంచి చూస్తున్నాను, ఇవాళ చెబుతావు, రేపు చెబుతావు అని."

చెప్పాను. వీధిలో, అందరి ముందూ. పొగమంచు దగ్గర నుంచి చివరి బిందె దాకా. లెయొన్‌హార్డ్ గోడకి ముఖం పెట్టుకున్నాడు. ఆ జనంలో సగం మంది తాతలు ఆ బిలంలో ఏదో ఒకటి పడేసినవాళ్ళే.

రొమానా అంతా విన్నది. కోప్పడితే బాగుండేది.

"రంగు రావడానికి ఎన్ని రోజులు పట్టింది?" అంది.

"ఆరు."

"అంటే నువ్వు పోసేటప్పటికి అది ఇంకా బతికే ఉంది."

"ఉంది."

"నువ్వు కిందికి నడిచి రావడానికి ఎంతసేపు పడుతుందక్కా?"

దానికి తెలుసు. ఏడేళ్ళప్పటి నుంచి ఆ దారి ఎక్కి దిగింది.

"నాలుగు గంటలు" అన్నాను.

తల ఊపింది. నా చెయ్యి వదిలేసి, ఆవుల్ని పాకలోకి తోలింది.